పైన తోట, క్రింద ఇల్లు



కొండవాలున తోట వేయుట న్యాయమా, కాదా? ఈ ప్రశ్న వినగానే మనలో అనేకులకు నవ్వు వచ్చును. తోట వేయుటలో దోషమేమున్నది, చెట్టు నాటువాడు ఎవరికి కీడు చేయును అని అడుగుదురు. మరికొందరు వేరొక రీతిగా ప్రశ్నింతురు. గింజ పండించుకొనవలసిన నేలలో పువ్వులు నాటుట, చూచుటకు మాత్రమే పచ్చిక పెంచుట వ్యర్థము కాదా అని వారి మాట. పల్లెలయందు కాయకష్టము చేసి బ్రదుకు మనకు ఈ రెండవ ప్రశ్నయే ముందుగా తోచుట సహజము. ఈ నెల మేము ఈ రెండు ప్రశ్నలను ప్రక్కప్రక్కన పెట్టి నిదానముగా ఆలోచింపగోరుచున్నాము.

ఇప్పుడు ఈ మాట ఎందుకనగా, ఎత్తున నిలిచి చూచిన చెరువో సముద్రమో పచ్చని లోయయో కనబడు స్థలములకు నేడు విలువ హెచ్చినది. అట్టి చోట్ల విడిదిగృహములు లేచుచున్నవి, వాటి చుట్టు మెట్లు మెట్లుగా తోటలు వెలయుచున్నవి. మన సంఘములలో కొన్నింటికి కూడ గుట్టమీద ప్రార్థనా స్థలము ఏర్పరచుకొని దాని చుట్టు చక్కని తోట వేయవలెనను ఆశ కలుగుచుండును. ఆశ మంచిదే. అయితే కొండమీద చేయు పనికి ఒక ప్రత్యేకమైన బాధ్యత గలదు. దానిని ముందుగా తెలిసికొనక గునపము పట్టిన యెడల, మంచి ఆశయే పొరుగువానికి కీడుగా మారవచ్చును.

అందము వ్యర్థమా?

మొదట అందమును గూర్చి మాటలాడుదము. ఆదికాండము 2వ అధ్యాయము 9వ వచనమును శ్రద్ధగా చదివినయెడల ఒక సంగతి తెలియును. ఏదెను చెట్లను గూర్చి చెప్పునప్పుడు అవి తినుటకు పనికివచ్చునని చెప్పక ముందే, అవి చూపునకు ఇంపుగా నుండెనని ఆ వాక్యము తెలుపుచున్నది. ఆకలి తీరుట ఎంత అవసరమో, కన్ను తృప్తిపొందుటయు మనుష్యునికి అంత అవసరమని దీనివలన గ్రహింపవచ్చును. పూరిపాక ముంగిట నాలుగు బంతిమొక్కలు నాటుకొను పేదరాలికి ఈ పాఠము ఎవరును నేర్పలేదు. అయినను ఆమెకు తెలియును. కాబట్టి పువ్వులు నాటుట వ్యర్థమనువారితో మేము ఏకీభవింపజాలము.

అయితే ప్రసంగి గ్రంథము 2వ అధ్యాయములో వేరొక తోట యజమానుడు కనబడుచున్నాడు. అతడు రాజు. భవనములు కట్టించెను, ద్రాక్షలు నాటించెను, రకరకముల పండ్లచెట్లతో ఉద్యానములు వేయించెను, వాటికి నీరు పారించుటకు మడుగులు త్రవ్వించెను. ఆ పనుల పట్టికను చదువునప్పుడు ‘నాకొరకు’ అను భావము మాటిమాటికి మన చెవిని పడును. చివరకు ఆ ప్రయాస యంతయు గాలిని పిడికిట పట్టబోయినట్లే యయ్యెనని అతడే ఒప్పుకొనెను. ఆ చెట్లలో దోషము లేదు, ఆ నీటిలోను దోషము లేదు. దోషము ఆ ‘నాకొరకు’ అనుటలో నున్నది. మరి ఎవరికొరకు? కొండవాలున ఈ ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు.

వాలునేల స్వభావము

చదునునేలకును వాలునేలకును గొప్ప భేదమున్నది. చదునునేలలో మనము చేయు తప్పు చాలవరకు మన కంచెలోపలనే యుండును. మొక్క చచ్చినను, నేల చవుడు తేలినను నష్టము మనకే. వాలునేలలో అట్లు కాదు. పైన విడిచిన నీరు క్రిందికి పోవును. పైన కదలిన రాయి క్రింది ఇంటిమీద పడును. పైన నరికిన చెట్టు వేరు ఏ మన్నును పట్టియుండెనో ఆ మన్ను మరుసటి వానకు క్రింది చేనిలో తేలును.

ఈ వాలే తోటకు అందమును కూడ ఇచ్చుచున్నది. ఒక మెట్టునుండి చూడగా క్రింది మెట్టు కనబడును. నీరు నిలువక దుముకుచు పాడును. దూరపు కొండ సైతము తోటలోని భాగమే యన్నట్లు తోచును. ఊటీలోని ప్రభుత్వోద్యానము దొడ్డబెట్ట కొండవాలున నున్నది. 1848లో విలియం గ్రాహం మెకైవర్ అను తోటపని నిపుణుడు దాని భారము వహించి, అడవిగాను చిత్తడిగాను ఉన్న ఆ వాలును పచ్చిక మెట్లుగా దిద్దింప మొదలుపెట్టెను. విశాఖపట్టణమున కైలాసగిరి ఎక్కినవారును, మదనపల్లె దగ్గర హార్సిలీ కొండలు చూచినవారును ఎత్తైన చోటినుండి చూచుటలోని ఆనందమును ఎరుగుదురు.

కాని తోటను చూచువారందరును పైన నిలిచి క్రిందికి చూతురు. మేము ఈ వ్యాసములో చెప్పదలచిన దంతయు ఒక్క మాటలో నున్నది. కొండవాలు తోట మంచిదో కాదో తెలిసికొనగోరువారు దిగివచ్చి, క్రిందినుండి పైకి చూడవలెను. క్రింద కాపురమున్నవాని కంటికి ఆ తోట ఎట్లున్నదో అదియే దాని నిజమైన రూపము.

మన్ను సాక్ష్యము

మొదట మన్నును గూర్చి. వాలున తోట వేయువారు ముందుగా ఒక వానకాలమంతయు ఆ స్థలమును చూచుచుండవలెను. నీరు ఎక్కడ ఊరుచున్నది, ఏ దారిన దిగుచున్నది, ఎక్కడ నిలుచుచున్నది అని గుర్తులు పెట్టుకొనవలెను. పిమ్మట సమమట్టపు గీతలు గీయవలెను. దీనికి పెద్ద యంత్రము అక్కరలేదు. రెండు కర్రలను పైకొనలు కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర బిగించి, పైనుండి దారముతో రాయి వ్రేలాడదీసిన చట్రము చాలును. దారము అడ్డకర్ర నడిమి గుర్తుమీద నిలిచినప్పుడు రెండు కాళ్లును ఒకే మట్టముననున్నవని అర్థము. ఆ గీత వెంబడి పైవైపు త్రవ్విన మన్నును క్రిందివైపు పోసి మెట్టు చేయుదురు. సారముగల పైమన్నును ముందుగానే తీసి వేరుగా కుప్పవేసి, మెట్టు సిద్ధమైన తరువాత దానిమీద పరవవలెను. త్రవ్విన భాగము గట్టిగా నుండును గాని, పోసిన భాగము చాలకాలము క్రుంగుచునే యుండును. కనుక బరువైన కట్టడమును పోసిన మన్నుమీద నిలుపరాదు.

మెట్టును ఆపు అడ్డుగోడ కొండవైపునకు కొంచెము వాలియుండవలెను. గోడ వెనుక కంకర నింపి, గోడ అడుగున నీరు కారుటకు తూములు విడువవలెను. ఇట్టి గోడలు కూలినప్పుడు తరచుగా దానికి కారణము మన్ను బరువు మాత్రమే కాదు, వెనుక చిక్కుకొనిన నీటి ఒత్తిడి. నీటికి దారి ఇయ్యని గోడ ఎంత లావైనను నమ్మదగినది కాదు. గట్టు అంచున వట్టివేరు గడ్డి వరుసగా నాటుట మంచిది. వేసవిలో మనము తడికలు కట్టి నీళ్లు చల్లుకొను ఆ వట్టివేరే, రెండు మూడు మీటర్ల లోతునకు నిట్టనిలువుగా దిగి మన్నును కుట్టుపెట్టినట్లు పట్టుకొనును.

ఇవి తాపీమేస్త్రీకి చెప్పవలసిన మాటలు గదా, సంఘపత్రికలో ఎందుకు అని ఎవరైనను అడుగవచ్చును. ఇవి నీతికి సంబంధించిన మాటలే. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో, క్రొత్త ఇల్లు కట్టువాడు మేడచుట్టు పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ యున్నది. ఎవడైనను అక్కడనుండి పడి చచ్చినయెడల ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వచ్చును. ఇల్లు నాది, మేడ నాది, ఖర్చు నాది. అయినను పడువాడు పొరుగువాడు. తెలియక జరిగినదని తప్పించుకొనుటకు ఆ ఆజ్ఞ చోటియ్యలేదు, ఏలయనగా తెలిసికొనుట కట్టువాని పని. తూము విడువక అడ్డుగోడ కట్టుటయు పిట్టగోడ లేని మేడ వంటిదే.

దీనికి భయంకరమైన దృష్టాంతము వేల్స్ దేశమున ఆబర్‌ఫాన్ అను గ్రామములో నున్నది. అది తోట కాదు, గని త్రవ్వగా వచ్చిన వ్యర్థపు గుట్ట. సింగరేణి ప్రాంతమున నున్న మనవారికి అట్టి గుట్టలు తెలియును. ఆ గ్రామముపైని కొండవాలున, నీటి ఊట ఉన్న చోటనే, 1958 మొదలుకొని వ్యర్థము పోయుచు వచ్చిరి. ఆ ఊట పటములలో గుర్తింపబడియే యుండెను. గ్రామస్థులు తమ భయమును తెలుపుకొనిరి గాని పని ఆగలేదు. 1966 అక్టోబరు 21వ తేదీ ఉదయమున, పిల్లలు బడిలో కూర్చుండిన కొద్ది నిమిషములకే ఆ గుట్ట జారి బడిమీదను ఇండ్లమీదను పడెను. 144 మంది చనిపోయిరి. వారిలో 116 మంది పిల్లలు. బేతానియ అను ప్రార్థనాలయములో ఆ దేహములను ఉంచగా, తలిదండ్రులు వరుసలో నిలిచి తమ బిడ్డలను గుర్తుపట్టవలసి వచ్చెను. 1967లో విచారణసభ ఆ దోషమును ప్రభుత్వపు బొగ్గు సంస్థమీద మోపెను. నేడు ఆ బడి ఉన్న స్థలమున ఒక స్మారకోద్యానము కలదు. ఆ తోటలో నడుచువారికి, ఊటమీద మన్ను పోయరాదను మాట ఇంజనీరు పుస్తకములోని సూత్రముగా మాత్రము వినబడదు.

నీటి సాక్ష్యము

ఇక నీటిని గూర్చి. కాశ్మీరములో దాల్ సరస్సు ఒడ్డున, జబర్వాన్ కొండల పాదమున రెండు ప్రసిద్ధమైన తోటలున్నవి. ఒకటి 1619లో జహంగీరు చక్రవర్తి వేయ నారంభించిన షాలిమారు. రెండవది 1633లో ఆసఫ్ ఖాన్ వేయించిన నిషాత్. ఈ ఆసఫ్ ఖాన్ నూర్జహానుకు అన్న, షాజహాను చక్రవర్తికి మామ. నిషాత్ తోట సరస్సునుండి కొండవైపునకు పండ్రెండు మెట్లుగా లేచును. పన్నెండు రాసులకు పన్నెండు మెట్లని చెప్పుదురు. పైనుండి వచ్చు నీరు నడిమి కాలువలో దిగుచు, ప్రతి మెట్టు దగ్గర చెక్కిన రాతి పలకమీద దుమికి, చినారు చెట్ల నీడలగుండ సరస్సువైపు సాగిపోవును.

ఈ తోటను గూర్చి ఒక కథ పరంపరగా చెప్పుదురు. షాజహాను దానిని చూచి మిక్కిలి పొగడి, మామగారు దానిని తనకు కానుకగా ఇచ్చునని ఎదురుచూచెను. మూడుమారులు పొగడినను ఆసఫ్ ఖాన్ ఆ మాట ఎత్తలేదు. రెండు తోటలకును నీరు ఒక్క చోటనుండియే వచ్చుచుండెను గనుక చక్రవర్తి కోపగించి నిషాత్ నీటిని ఆపించెను. కాలువలు ఎండెను, తోట వాడిపోయెను. యజమానుని దుఃఖము చూడలేక ఒక సేవకుడు రాత్రివేళ తనంతట తానే అడ్డు తీసివేసి నీరు విడిచెను. నీటి చప్పుడు విని లేచిన ఆసఫ్ ఖాన్ చక్రవర్తి కోపమునకు భయపడెను. అయితే చక్రవర్తి ఆ సేవకుని దండింపక, నీటి హక్కును వ్రాసి యిచ్చెనని కథ ముగియును.

కథలో ఎంతభాగము జరిగినదైనను, దాని పాఠము మన కాలువల దగ్గర ప్రతి వేసవిలో కనబడుచున్నదే. తూము ఎవని చేతిలో నున్నదో వాడే క్రిందివాని తోటకు ప్రభువు. ఎంత అందమైన తోటయైనను పైవాని ఈర్ష్య ఒక్క రాత్రిలో దానిని ఎండగొట్టగలదు. మనము కూడ తోటకొరకు కొండమీది ఊటను కట్టి, మన పచ్చికకు మళ్లించుకొనినప్పుడు, క్రింద ఏ బావి తగ్గినదో, ఎవరి పశువులు దాహముతో తిరిగిపోయినవో చూచితిమా?

మరియొక విధమైన తోట మన ప్రభువు పుట్టిన ఊరి సమీపముననే యున్నది. బేత్లెహేమునకు పడమట, యెరూషలేమునకు నైరుతిని బత్తీర్ అను గ్రామము కలదు. అక్కడి కొండవాలులు సున్నము లేక పేర్చిన రాతిగోడలతో మెట్లు మెట్లుగా నున్నవి. ఆ మెట్లలో ఒలీవలు, ద్రాక్షలు, కూరగాయలు పండుదురు. అక్కడి వంకాయలకు మంచి పేరు. ఊట నీరు రోమీయుల కాలపు తొట్టిలో చేరును. ఆ నీటిని గ్రామములోని ఎనిమిది ముఖ్య కుటుంబములు రోజునకొకరు చొప్పున వంతులవారిగా వాడుకొందురు. అందుచేత బత్తీరులో వారమునకు ఎనిమిది దినములని చెప్పుకొందురు. 2014లో యునెస్కో ఈ స్థలమును ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చెను. అక్కడ ఎవడును చక్రవర్తి కాడు. ఆ మెట్లు అంతకాలము పచ్చగా నిలుచుటకు గోడల గట్టితనము ఒక కారణమైతే, వంతు తప్పకుండుట మరియొక కారణము.

మనుష్యుల సాక్ష్యము

మూడవది మనుష్యులను గూర్చి. ఇది అన్నిటికంటె కష్టమైన ప్రశ్న.

ఇంగ్లండు దేశమున 18వ శతాబ్దములో ధనవంతులకు క్రొత్తరకమైన తోటలమీద మోజు కలిగెను. తిన్నని దారులు, చతురస్రపు మడులు విడిచి, కొండవాలులనే మృదువైన పచ్చికలుగా దిద్ది, లోయలో సరస్సు నిలిపి, ఎత్తున చెట్లగుంపులు నాటి, అంతయు తనంతట తానే వెలసినట్లు కనుపింపజేయుదురు. ఈ విద్యలో అందరికంటె పేరుపొందినవాడు లాన్సెలాట్ బ్రౌన్ (1716–1783).

డార్సెట్ అను సీమలో లార్డ్ మిల్టన్ అను ప్రభువు 1752లో ఒక ప్రాచీన మఠపు భూములను కొనెను. కొండల నడుమ నున్న సుందరమైన లోయ అది. అయితే ఆ లోయలో, అతని భవనము ముంగిటనే, మిడిల్టన్ అను చిన్న పట్టణముండెను. అందులో అంగడి, బడి, సత్రములు, తరతరములుగా కాపురమున్న కుటుంబములు ఉండెను. భవనపు కిటికీలోనుండి చూచిన పచ్చిక కనబడవలెను గాని ఇంటికప్పులును పొగయు కనబడరాదని ఆ ప్రభువు కోరెను. అనేక సంవత్సరములు ఓపికపట్టి ఒక్కొక్క కౌలుహక్కును సంపాదించుచు, ఒక్కొక్క ఇంటిని పడగొట్టించుచు వచ్చెను. 1780 ప్రాంతమున ప్రక్క లోయలో, తన కంటికి కనబడనిచోట, ఒకే మాదిరి ఇండ్లతో మిల్టన్ ఆబ్బాస్ అను క్రొత్త గ్రామము కట్టించెను. బ్రౌన్ చేతులమీదుగా పాత లోయ విహారవనముగా మారెను. హారిసన్ అను ఒక న్యాయవాది మాత్రము తన ఇల్లు విడువనని పట్టుపట్టెననియు, అతనిని కదలించుటకు చెరువు తూములెత్తి ఇంటిని ముంచజూచిరనియు, అతడు న్యాయస్థానమున గెలిచెననియు చెప్పుకొందురు.

ఈ కథ వినునప్పుడు మనకు నాబోతు జ్ఞాపకము రాడా? రాజులు మొదటి గ్రంథము 21వ అధ్యాయములో ఆహాబు కోరినది రాజ్యము కాదు, కోట కాదు. తన భవనము ప్రక్కన కూరలతోట వేసికొనుటకు కొంచెము నేల కోరెను. అతని మొదటి మాట అన్యాయముగా నున్నదా? ఇంతకంటె మంచి ద్రాక్షతోట ఇత్తును, లేక వెల ఇత్తును అని అతడు ముందుకు వచ్చెను. నేటి బేరములలో సైతము ఇట్టి మాట ఉదారమైనదనిపించుకొనును. నాబోతు ఒప్పుకొనలేదు. ఆ నేల అతనికి పితరుల స్వాస్థ్యము. కాబట్టి అక్కడి ప్రశ్న వెల సరిపోవునా లేదా అనునది కాదు. కాదనుటకు అతనికి స్వేచ్ఛ ఉన్నదా లేదా అనునదే. వెల చెల్లించితిమి, పత్రములు సరిగానున్నవి అని చెప్పినంతమాత్రమున మనము నిర్దోషులము కాము. కాదన్నవాడు కాదన్న తరువాత కూడ నిర్భయముగా నిద్రపోగలుగుచున్నాడా అని చూడవలెను.

దీనికి భిన్నముగా చేసినవారును కలరు. జపానులో క్యోటో నగరపు ఈశాన్యమున, హియె కొండ పాదమున షుగకుయిన్ అను ఉద్యానమున్నది. సింహాసనము విడిచిన గో-మిజునో చక్రవర్తి దానిని 1650ల చివరి భాగమున వేయించెను. వాలుమీద మూడు తోటలు ఒకదానికంటె ఒకటి ఎత్తున నున్నవి. పై తోటలోని చెరువుకట్టను ఆపు రాతిగోడలు కనబడకుండ దట్టమైన పొదలను కత్తిరించి కప్పిరి. అయితే మూడు తోటల నడుమనున్న వరిమళ్లను పచ్చికగా మార్చలేదు. ఆ మళ్లను రైతులు దున్నుచు, నాటుచు, కోయుచునే యున్నారు. 1964లో రాజగృహశాఖ ఆ పొలములను కొనినప్పుడు సైతము సాగు మాన్పింపలేదు. స్థానిక రైతులచేతనే సాగు చేయించుచు వచ్చిరి. చక్రవర్తి తోటలో నడుచువానికి వంగి నాట్లు వేయు రైతు అడ్డముగా తోచలేదు, అందములోని భాగముగా తోచెను.

ఆ దేశపు తోటమాలులు దూరపు కొండను, చెట్లను తమ తోటలో కలిసినట్లు కనుపింపజేయు విద్యకు ‘అరువు తెచ్చుకొనిన దృశ్యము’ అని అర్థమిచ్చు పేరు పెట్టిరి. ఈ మాట మాకు చాల నచ్చినది. అరువు తెచ్చుకొనినదానికి యజమానుడు వేరొకడున్నాడు. కొండమీది మన తోటనుండి కనబడు చేను, చెరువు, పల్లె మనవి కావు. వాటిని చూచి ఆనందించుట మనకు కలిగిన ఋణము.

కొన్ని ఆక్షేపణలు

ఇక్కడ రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది, ఇట్టి తోటలవలన కూలివారికి పని దొరకుచున్నది గదా అనునది. నిజమే. మెట్లు కట్టుటకు, రాళ్లు మోయుటకు, నీళ్లు పెట్టుటకు ఎన్నో చేతులు కావలెను. పని దొరకుట మేలు. అయితే గోడ కట్టిన కూలివాడు పని ముగిసిన తరువాత ఆదివారము సాయంకాలమున తన పిల్లలతో వచ్చి ఆ మెట్టుమీద కూర్చుండగలడా? కావలివాడు అతనిని గేటు దగ్గరనే ఆపునా? కూలి చెల్లుటతో ఋణమంతయు తీరినదా అని అడుగుకొనవలెను.

రెండవది ఇంకను కఠినమైనది. మిల్టన్ ఆబ్బాస్ గ్రామపు గడ్డికప్పుల ఇండ్లను చూచుటకు నేడు ఎందరో వచ్చి, ఎంత అందమైన ఊరు అని సంతోషించుచున్నారు. ఆ లోయ పచ్చికయు మనోహరముగా నున్నది. పడగొట్టబడినవారందరు మట్టిలో కలిసిరి. ఇప్పుడు ఆ అందమును అనుభవించుట తప్పా? తప్పని మేము చెప్పము. చెట్లు ఏ పాపమును చేయలేదు. అవి నీడనిచ్చుచునే యుండనిండు. కాని ఆ నీడన కూర్చుండువారు, ఇక్కడ ఇండ్లుండెను, ఇట్టివారు కాపురముండిరి అను కథను తమ పిల్లలకు చెప్పవలెను. కాలము గడచుటచేత అన్యాయము న్యాయముగా మారదు. అందముగా నుండుటచేతను మారదు. దాచిపెట్టబడిన అన్యాయము మరియొక లోయలో మరల జరుగును.

మనము చేయదగినది

యెషయా గ్రంథము 5వ అధ్యాయములో సారవంతమైన కొండమీద ద్రాక్షతోట వేసిన యజమానుని గూర్చి ఉపమానమున్నది. అతడు నేల త్రవ్వెను, రాళ్లు ఏరెను, మేలైన తీగెలు నాటెను, నడుమ కావలిగోపురము కట్టెను. కొండవాలున తోట వేయు పద్ధతి అంతయు అందులో ఉన్నది. అయినను మంచి పండ్లు రాలేదు. ఆ పండ్లు ఏవో ప్రవక్తయే విప్పి చెప్పుచున్నాడు. యజమానుడు న్యాయముకొరకు ఎదురుచూడగా, అతని చెవిని పడినది బాధింపబడినవారి మొర. వెంటనే తరువాతి మాటలలో, ఇతరులకు చోటు మిగులనంతగా ఇల్లు ఇంటితో, పొలము పొలముతో చేర్చుకొనువారికి శ్రమ కలుగునని హెచ్చరించుచున్నాడు. తోట వేయు నేర్పును, పొరుగువానికి చోటియ్యవలసిన విధియు ఒకే అధ్యాయములో ప్రక్కప్రక్కన నుండుట మనము మరువరాదు.

కాబట్టి గుట్టమీద నేల కలిగియున్న సంఘములకును, కుటుంబములకును మా విన్నపము ఇది. తోట వేయుడి. చక్కగా వేయుడి. అయితే నమూనా గీయక ముందు గుట్ట దిగి, అడుగున ఉన్న చివరి ఇంటికి వెళ్లుడి. ఆ ఇంటివారితో కూర్చుండి, వానకాలమున నీరు ఏ దారిన వచ్చునో, వేసవిలో వారు నీళ్లు ఎక్కడ తెచ్చుకొందురో, పశువులను ఏ బాటను తోలుకొని పోవుదురో అడుగుడి. వారు చెప్పినది వ్రాసికొనుడి. ఊటమీద మన్ను పోయకుడి. గోడకు తూము విడువుడి. పశువుల బాటకు కంచెలో దారి ఉంచుడి. తోట పూర్తియైన తరువాత మొదటి దినమున పెద్దలను పిలువక ముందు ఆ చివరి ఇంటివారిని పిలిచి, పైమెట్టుమీద కూర్చుండబెట్టుడి. వారి ఇల్లు పైనుండి ఎట్లు కనబడునో వారు కూడ ఒకసారి చూతురు గాక.

ఆ దినమున వారు నిండు మనస్సుతో నవ్వగలిగినయెడల, ఆ తోట మంచి తోటయని మనము నమ్మవచ్చును.